చేత్తో నడిపి చూశాను

ఆఫీసు, లిఫ్టు పక్క గది
జనవరి 9

చెల్లీ,

మనం ఉత్తరాలు రాసుకుని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను. హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు రాసిన వాటిలో సగం నా స్వెట్టర్లు అడగడానికే కదా. ఇప్పుడీ పెన్సిల్ మాస్టారి పుణ్యమా అని మళ్ళీ కాగితం, కవరు, స్టాంపు. పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే మా రిసెప్షన్ అమ్మాయి నాకేదో జబ్బు చేసినట్టు చూసింది.

ఆయన పద్ధతి నాకింకా మింగుడుపడలేదు. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నదాన్ని, కింద పదిహేడు మంది పనిచేస్తున్నదాన్ని, మెషీన్ అడుగున ఏం జరుగుతుందో నేర్పమని వెళ్తే, ఆర్నెల్లపాటు కంప్యూటర్ ముట్టుకోవద్దంటారు. ప్రోగ్రాం కాగితం మీద రాయాలట. వేరే ఊళ్ళో ఉన్న జోడీకి పోస్టు చెయ్యాలట. ఆ జోడీ పెన్సిలు పట్టుకుని, తానే మెషీన్ అయినట్టు ఒక్కో లైనూ నడిపి, మెమరీలో ఏ గడి నిండిందో ఏది ఖాళీ అయిందో పక్కన బొమ్మ గీయాలట. తప్పులుంటే గుర్తుపెట్టి పంపాలి. లేకపోతే అడుగున "చేత్తో నడిపి చూశాను, తప్పులేమీ లేవు" అని రాసి సంతకం పెట్టాలి. అప్పుడే అది ఆయన దగ్గరికి వెళ్తుంది.

జోడీగా నిన్ను కోరుకున్నది నేనే. "నాకిది అర్థం కాలేదు" అనే మాట మా ఆఫీసు వాళ్ళ ముందు అనలేను. నీ ముందు అనగలననుకుంటున్నాను.

ఒక సంగతి దాచడమెందుకు. కోర్సు అయ్యాక ముప్ఫై మందిలో ఒక్కరిని తన పాత కంపెనీకి సిఫారసు చేస్తానన్నారుగా మాస్టారు. డేటా డిస్కు మీద ఎలా కూర్చోవాలో రాసే ఆ నేలమాళిగ టీముకి. ఆ కుర్చీ నాకు కావాలి. మీటింగులు, స్లైడ్లు, సెలవు చీటీల మీద సంతకాలు, వీటితో విసిగిపోయాను. అడుగుదాకా తెలిసిన పని ఒక్కటైనా చెయ్యాలని ఉంది. నువ్వేమో సరదాకి చేరానన్నావు కాబట్టి మన మధ్య పోటీ లేదు.

మొదటి ప్రోగ్రాం జత చేశాను. జాలి చూపించకు.

అక్క

*

వంటింటి బల్ల
జనవరి 21

అక్కా,

జాలి చూపించొద్దన్నావు కాబట్టి చెప్తున్నాను. నువ్వు మెమరీ అడిగి తీసుకున్న చోట్లు ఏడు. తిరిగి ఇచ్చేసినవి నాలుగు. మిగతా మూడూ అలా గాలికి వదిలేశావు. ఈ ప్రోగ్రాం వారం రోజులు ఆగకుండా నడిస్తే మెషీన్‌కి ఊపిరాడదు.

నువ్వు రాసే భాషల్లో వెనకాల ఎవరో ఊడ్చుకుంటూ వస్తారు కదా, అందుకే నీకు అలవాటు తప్పింది. ఇక్కడ ఎవరు పారేసింది వాళ్ళే ఎత్తాలి. నాకు ఇబ్బందేం లేదు. కవలలు పుట్టి ఉద్యోగం మానేసిన ఎనిమిదేళ్ళ నుంచీ చేస్తున్నది అదే.

నేనెలా నడిపానో చెప్తే నవ్వుతావు. బొమ్మ గీస్తుంటే మాటిమాటికీ చెరిపి కాగితం చిరుగుతోందని, ముప్ఫై గుంటల గుడ్ల అట్ట తీసుకున్నాను. ఒక్కో గుంట ఒక్కో మెమరీ గడి. అందులో బొత్తాలు. ఎర్ర బొత్తం అంటే వాడుకలో ఉంది, తెల్లది అంటే ఇచ్చేశాం. మీ మరిది వచ్చి చూసి, "గుడ్లేవీ?" అన్నాడు. "మెమరీలో ఉన్నాయి" అన్నాను. "సరే, నా చొక్కా బొత్తాలు మాత్రం మెమరీలోంచి తీసి ఇవ్వు, పదింటికి మీటింగుంది" అని చెయ్యి చాపి నిలబడ్డాడు.

సరదాకి చేరానన్నది నిజమే. చేరినప్పుడు. ఇప్పుడు మాత్రం ఆ కుర్చీ నాక్కూడా కావాలి అక్కా. ఎనిమిదేళ్ళు ఖాళీగా ఉన్నావని చెప్పి ఇప్పటికి ఆరు చోట్ల ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. నీకు ఇంకో కుర్చీ ఎప్పుడూ ఉంటుంది. నాకు ఇదొక్కటే.

కోపం తెచ్చుకోకుండా ఆ మూడు చోట్లూ దిద్ది పంపు.

చెల్లి

*

ఆఫీసు, లిఫ్టు పక్క గది
మార్చి 14

చెల్లీ,

నువ్వు మాస్టారికి పంపిన గుడ్ల అట్ట ఫోటో ఆయన ముప్ఫై మందికీ పంపారు. "మెమరీ అంటే ఏమిటో ఈమె చేతికి అర్థమైంది" అని కింద రాశారు. చూశాను. బాగుంది. బొత్తాలు కూడా మంచివి.

మా టీములోంచి ఒకాయన కూడా ఈ కోర్సులో ఉన్నాడని చెప్పానా? నా కిందే పనిచేస్తాడు. నిన్న కాఫీ మెషీన్ దగ్గర పట్టుకున్నాడు.

"మేడమ్, ఈ గుడ్ల అట్టావిడ మీ చెల్లెలట కదా?"

"అవునండీ."

"మీరు ఆవిడ అక్కగారా. భలే."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఎవరికో అక్కగారిగా గుర్తుపట్టలేదు. ఇంటికెళ్తే మా అమ్మాయీ అదే పాట. "పిన్ని ఎంత తెలివిగా ఆలోచించింది, నువ్వెందుకు అలా చెయ్యలేదు అమ్మా?" నేను పెన్సిలుతో గీశాను తల్లీ, ఆయన పెన్సిలుతోనే గీయమన్నారు, అన్నాను. అంటే పిన్ని రూలు తప్పిందా అంది. ఆ మాట నాకు నచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నా ఫిబ్రవరి ప్రోగ్రాంలో నువ్వు ఒక్క తప్పే పట్టావు. దాని గురించి ఎవరూ ఎవరికీ ఫోటో పంపలేదు.

నీకు మొదటి లూపు రాయడం నేర్పింది నేనని గుర్తుందో లేదో. డాబా మీద గది, నేల మీద సుద్దముక్కతో. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి ఆగమంటే నీ లూపు ఆగేది కాదు. ఏడ్చేదానివి. ఇప్పుడెందుకు రాస్తున్నానో నాకే తెలీదు. గొప్ప చెప్పుకోవడానికేమో.

నీ ఈ నెల ప్రోగ్రాం నడిపాను. తప్పులు లేవు. రెండుసార్లు వెతికాను.

అక్క

*

పిల్లల డాన్సు స్కూలు బయట, బెంచీ
ఏప్రిల్ 25

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరిదికి వినిపించాను. మెచ్చుకుందా తిట్టిందా అని అడిగితే, "రెండూ చేసింది, వేరు చెయ్యబోకు, నీ వల్ల కాదు" అన్నాడు.

సుద్దముక్క గుర్తుంది. నువ్వు గుర్తుపెట్టుకోనిది ఇంకోటుంది. నీ మార్కుల కాగితాలు నాన్న గోడకి అంటించేవాడు. నావి బీరువాలో పెట్టేవాడు, "జాగ్రత్తగా ఉంటాయి" అని. నావి గోడ మీద పాడైపోతాయట, నీవి పాడవ్వవట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. నువ్వు మొదలుపెట్టావు కాబట్టి అంటున్నాను. మాస్టారు ఆ ఫోటో పంపిన రోజు నేను దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించుకున్నాను. నలభై ఒక్కేళ్ళ మనిషిని. పిల్లలు రాసుకునే టైంటేబుల్ తీసేసి మరీ.

సరే, పనిలో పడదాం. చివరి ప్రోగ్రాం జత చేశాను. డిస్కు మీంచి డేటా ముక్కలు చదివి, మళ్ళీ మళ్ళీ అడిగేవాటిని మెమరీలో దాచిపెట్టుకునేది. తొమ్మిది పేజీలు. మాస్టారు ఎవరిని పంపాలో తేల్చేది వీటిని చూసేనట. నీది నడిపాను, చివర్లో ఒక్క చోట గుర్తుపెట్టాను, అది దిద్దితే చాలు. నీకు ఇంకేం భయం లేదు.

నాదే భయం. ఎక్కడో ఏదో ఉందనిపిస్తోంది, చూస్తే కనబడదు. రాసినవాళ్ళ కంటికి కనబడదుగా. నువ్వు చూడు. నీ కన్ను మీద నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం.

చెల్లి

*

ఆఫీసు, లిఫ్టు పక్క గది
మే 11

ప్రియమైన చెల్లికి,

నీ తొమ్మిది పేజీలూ నడిపాను. చాలా చక్కగా రాశావు. నాకెంతో గర్వంగా ఉంది. సంతకం పెట్టి నీకే తిప్పి పంపుతున్నాను, మాస్టారికి పోస్టు చేసెయ్యి. నీ భయమంతా ఉత్త భయమే.

పిల్లలకి పెద్దమ్మ ముద్దులు చెప్పు. మీ బావ నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. ఇక్కడ అందరం కులాసా.

అక్క

*

అదే గది, అదే రోజు

చెల్లీ,

ఇది నీకు పంపడం లేదు. డ్రాయర్లో పడేస్తాను.

మూడో పేజీలో ఉంది. డిస్కు మీంచి చదువుతుండగా మధ్యలో మొరాయిస్తే, నీ లోపలి ఫంక్షన్ తను తీసుకున్న మెమరీని తిరిగి ఇచ్చేసి, "కుదర్లేదు" అని బయటికొస్తుంది. అంతవరకు బాగుంది. దాన్ని పిలిచిన పై ఫంక్షన్ ఆ "కుదర్లేదు" విని, పాపం బాధ్యతగా, అదే మెమరీని మళ్ళీ ఇచ్చేస్తుంది. అద్దె గది ఖాళీ చేసి తాళాలిచ్చేసిన మనిషి మళ్ళీ వచ్చి, ఈలోగా అందులో దిగిన వాళ్ళ సామాను వీధిలోకి విసిరేసినట్టు. ఎవరి డేటా ఎక్కడ పోతుందో చెప్పలేం. డిస్కు బాగున్నన్నాళ్ళూ ఎవరికీ తెలీదు కూడా.

నాకు నాలుగు నిమిషాల్లో కనబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, ఎవరూ వేలు పెట్టి చూపించకుండా అడుగుదాకా చూడగలిగాను. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్తే అర్థమయ్యే మనిషివి నువ్వే.

గుర్తుపెడదామనే పెన్సిలు తీశాను. అప్పుడు ఆ ఫోటో, ఆ కాఫీ మెషీన్, "మీరు ఆవిడ అక్కగారా", అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఈ ఒక్క తప్పు మాస్టారి కంట పడితే నీ తొమ్మిది పేజీలూ పోతాయి. అప్పుడిక నాది మిగులుతుంది.

నేను అబద్ధం ఆడలేదు, చెప్పలేదు అంతే, అని గంటసేపు నాతో నేను వాదించుకున్నాను. కానీ "తప్పులేమీ లేవు" అని రాసింది నా చెయ్యే. నీకు ఆ కుర్చీ తప్ప వేరే లేదని తెలిసే రాసింది.

కవరు రిసెప్షన్ అమ్మాయికి ఇచ్చేశాను. ఇంకా తీసుకెళ్ళి ఉండరు. కిందికి వెళ్ళి వెనక్కి తీసుకోవచ్చు. లిఫ్టు పక్కనే ఉంది.

*

వంటింటి బల్ల
జూన్ 8

అక్కా,

మాస్టారి ఉత్తరం నీకూ వచ్చే ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడు కాగితాలు పాడుచేశాను.

మూడో పేజీలో తప్పుందట. ఒకే మెమరీని రెండుసార్లు ఇచ్చేస్తున్నానట. అయినా కుర్చీ నాకే ఇచ్చారు. మొదటి రోజు మనకి పంచిన నియమాల కాగితం వెనక వైపు ఉంది చూడు: తప్పు రాసినవాళ్ళది కాదు, నడిపి చూశానని సంతకం పెట్టినవాళ్ళది. మార్కుల్లో సగం నడపడానికే. నేను నీ ప్రోగ్రాంలలో ఒక్క తప్పూ వదల్లేదట. నువ్వు నాది వదిలేశావు కాబట్టి ఆ మార్కులు నీకు పోయాయి. "నేలమాళిగలో రాసేవాళ్ళు బోలెడుమంది, చదివేవాళ్ళే కావాలి" అని ఆయన రాశారు.

నువ్వేం మనసులో పెట్టుకోకు. అక్కడ అందరూ జారతారు. పనులన్నీ సవ్యంగా జరిగే దారి చూస్తాం గానీ, కుదరనప్పుడు ఏమవుతుందో ఎవరు చూస్తారు? అందులోనూ ఇరవై ఏళ్ళుగా పై భాషల్లో పనిచేసిన కంటికి అది కనబడమంటే కష్టమే. నువ్వు నేర్చుకున్నది తక్కువేం కాదు. ఇంకో ఏడాది కూర్చుంటే నీకూ వస్తుంది.

ఈ నెలాఖరున, సోమవారం పదింటికి చేరమన్నారు.

చెల్లి

*

ఆఫీసు, లిఫ్టు పక్క గది
జూన్ 12

చెల్లీ,

నాకు కనబడింది.

మే పదకొండున, నాలుగు నిమిషాల్లో. లోపలి ఫంక్షన్ ఒకసారి, పై ఫంక్షన్ ఇంకోసారి. కనబడే సంతకం పెట్టాను. నిన్ను పడగొట్టడానికి పెట్టాను. నియమాల కాగితం వెనక్కి తిప్పి చూడలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి కాగితాలు వెనక్కి తిప్పే అలవాటుండదు.

ఇది నిజాయితీ అనుకుని నన్ను క్షమించబోకు. నువ్వు కుర్చీ గెలిచావని తెలిసినప్పుడు నోరు విప్పలేదు. మాస్టారి ఉత్తరం చదివి కూడా రెండు రోజులు గుట్టుగా కూర్చున్నాను. "ఆ కంటికి కనబడమంటే కష్టమే" అని నువ్వు రాసిన లైను దగ్గర తల కొట్టేసినట్టయింది. ఇంకో ఏడాది కూర్చుంటే నాకూ వస్తుందట. చెడ్డదాన్ని అనిపించుకోగలను గానీ, చేతకానిదాన్ని అనిపించుకోలేకపోయాను. అదీ నీ చేత. రాత్రంతా మింగాలని చూశాను, దిగలేదు.

నలభై ఆరేళ్ళు వచ్చాయి. నాలో ఇంత కుళ్ళు ఉందని తెలీదు అని రాయబోయాను. తెలుసు. గోడ మీద నా కాగితాల పక్కన నీ కాగితం ఒక్కటి కూడా లేదని అప్పట్లోనే చూశాను. చూసి బాగుందనుకున్నాను.

ఏమైనా అను. జాలి మాత్రం వద్దు.

అక్క

*

పిల్లల డాన్సు స్కూలు బయట, బెంచీ
జూన్ 19

అక్కా,

నాకు తెలుసు.

నువ్వు తిప్పి పంపిన మూడో పేజీ ఇరవై ఆరో లైను పక్కన ఒక గడి గీసి, దాని మీద రెండు అడ్డగీతలు కొట్టి, చెరిపేశావు. గీత పోయింది గానీ, నొక్కి రాసే చెయ్యి కదా నీది, గుంట పోలేదు. కిటికీ దగ్గర కాగితం ఏటవాలుగా పట్టుకున్నాను. ఒకే గడికి రెండు అడ్డగీతలంటే ఏమిటో ఈపాటికి నాకు తెలీదా? నా తప్పు నాకు అలాగే తెలిసింది. నువ్వు గీసి చెరిపిన బొమ్మలో.

రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దిద్దడానికి ఒక్క లైను కొట్టేస్తే చాలు. నీకు ఫోన్ చేసి, "ఏంటక్కా ఇది?" అని అడిగినా సరిపోయేది. మొదటి రోజు కాగితం నేను వెనక్కి తిప్పి చదివాను. ఆరు చోట్ల ఇంటర్వ్యూకి పిలవని మనిషిని, ప్రతి కాగితమూ అన్ని వైపులా చదువుతాను. తప్పుతో పంపితే ఎవరు పడతారో తెలుసు. అలాగే కవర్లో పెట్టి, మాస్టారి అడ్రసు రాసి, పిల్లల్ని స్కూల్లో దింపుతూ దారిలో డబ్బాలో వేశాను.

ఇక ఆ ఓదార్పు ఉత్తరం. మూడు కాగితాలు పాడుచేశానని రాశాను చూడు, నీకు ఏ మాట ఎక్కువ మంట పెడుతుందో చూసుకుంటూ పాడుచేశాను. "ఇంకో ఏడాది కూర్చుంటే" అన్నది రాసుకుని నాలో నేనే నవ్వుకున్నాను. నువ్వు మింగలేవని తెలుసు.

లోపల పిల్లలు ఒకే అడుగు పదోసారి వేస్తున్నారు. టీచరు "మళ్ళీ" అంటోంది. మా కవలల్లో చిన్నది పెద్దదాని కాలు తొక్కింది, చూసి మరీ.

మాస్టారికి రాయాలనుకుంటే రాయి. నా సంగతి కూడా రాయి. తెలిసి పంపానని. కుర్చీ పోతుంది, అంతే. నీ దగ్గర ఇంకో అబద్ధం మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

చెల్లి

*

ఆఫీసు, లిఫ్టు పక్క గది
జూన్ 26

చెల్లీ,

నీ ఉత్తరంలో క్షమించమన్న మాట ఎక్కడైనా ఉందేమోనని నాలుగుసార్లు వెతికాను. లేదు. నాకెందుకో ప్రాణం తేలికపడింది.

మాస్టారికి రాశాను. తప్పు చూసి కూడా సంతకం పెట్టానని. నిన్న ఆయనే ఫోన్ చేశారు.

"ఎంతసేపట్లో కనబడింది?" అన్నారు.

"నాలుగు నిమిషాలండీ."

"మంచి కన్నమ్మా నీది."

ఈ ఆర్నెల్లూ ఆయన నోట ఆ మాట కోసమే ఎదురుచూశాను.

"ఇంక నా దగ్గరికి రాకు" అని పెట్టేశారు.

నీ సంగతి ఆయనకి తెలీదు. రాయలేదు అంటే గొప్పగా ఉంటుంది గానీ, రాశాను. రెండో పేజీ అంతా నువ్వే. ఇరవై ఆరో లైను, గుంట, డబ్బాలో వేసిన రోజు, అన్నీ. కవర్లో పెట్టాను. తీశాను. మీటింగుకి వెళ్ళొచ్చి మళ్ళీ పెట్టాను. చివరికి మొదటి పేజీ ఒక్కటే వెళ్ళింది. ఎందుకంటే చెప్పలేను. నీ మీద ప్రేమ అయ్యుండొచ్చు. నువ్వూ నేనూ సమానమయ్యాక కొట్టడానికి చెయ్యి లేవలేదేమో కూడా.

ఆ రెండో పేజీ ఈ కవర్లో ఉంది. మాస్టారి అడ్రసు నీకు తెలుసు. పొయ్యి కూడా మీ ఇంట్లోనే ఉంది. నీ ఇష్టం.

సోమవారం పదింటికి నాకు పదిహేడు మందితో మీటింగు. ఎవరేం మాట్లాడుతున్నా నేను గోడ గడియారం వైపే చూస్తుంటాను. నువ్వు ఆ మెట్లు దిగి లోపలికి వెళ్తున్నావని ఊహించుకుంటే ఇప్పుడే కడుపు మండిపోతోంది. వెళ్ళకుండా ఇంట్లో కూర్చున్నావని ఊహించుకుంటే ఇంకా ఎక్కువ మండుతోంది.

అందుకని వెళ్ళు.

అక్క